మందుకు మందు

మన తెనుగున "మందు" అను మాట మిక్కిలి చిత్రమైనది. రోగమును కుదుర్చునదియు మందే. పైరు మీది పురుగును చంపునదియు మందే. దుకాణమున త్రాగి యిల్లు గుల్లచేసికొనునదియు మందే. దీపావళినాడు చిచ్చుబుడ్డిలో కూరునదియు మందే. ఇన్నిటి కొక్కటే పేరు పెట్టిన పెద్దలు తెలియక పెట్టినవారు కారు. విషమునకును ఔషధమునకును భేదము పదార్థమునందు లేదు, దానిని వాడు యుక్తియందే యున్నదని చరకాచార్యుని మతము. ఈ మాటను నేను చిన్ననాడు తండ్రిగారి యొద్ద చదివితిని గాని, దాని యర్థము నాకు నిరుడు ఒక యాసుపత్రి వసారాలో తెలిసినది.

నిరుడు దాళ్వా పంట కాలమున, తాడేపల్లిగూడెమునకు చేరువనున్న యొక పల్లెలో మాకెఱిగిన కూలివాడొకడు వరిచేనికి పురుగుమందు కొట్టుటకు పోయెను. వీపున మోయు డబ్బా కాఱుచుండగా, ప్రొద్దుననుండి మధ్యాహ్నము దాక చొక్కా తడిసిన యొడలితోనే పనిచేసెను. ఇంటికి వచ్చునప్పటికి కన్నుల నీరును, నోట చొంగయు కాఱుచుండెను. కడుపులో మెలిపెట్టి వాంతులు చేసికొనెను. కొంత సేపటికి రొమ్ములో గురగుర వినవచ్చెను. ఎండదెబ్బ యని యొకరు మజ్జిగ యిమ్మనిరి. గాలి సోకినదని మఱియొకరు దిష్టి తీయుమనిరి. అతని భార్య మాత్రము ఎవరి మాటయు వినక, ఖాళీ మందుసీసాను కొంగున ముడివేసికొని, భర్తను ఆటోలో పడవేసి ఆసుపత్రికి తీసికొనిపోయెను. ఆ సీసా మీది పేరు చదువగానే వైద్యుడు ఒక్క నిమిషమైనను ఆలసింపక సూది వేయ నారంభించెనట.

మఱునాడు నేను చూడబోయినప్పుడు అతడు బ్రదికి యుండెను గాని, మాటలు పొంతన లేకుండ నుండెను. లేని దారములను దుప్పటిమీద ఏరుచున్నట్లు వ్రేళ్లాడించుచుండెను. పెదవు లెండిపోయెను, కనుపాపలు పెద్దవై యుండెను. ఆమె నా చేయి పట్టుకొని, "అమ్మగారూ, మందు తగిలి పడిపోయిన మడిసికి మళ్లీ మందే ఎక్కిత్తన్నారండి. అది ఉమ్మెత్త సత్తువేనంటండి. పిచ్చెక్కిపోతాడేమోనండి" అని యేడ్చినది. వైద్యుడు నవ్వుచు, "ఆ పలవరింత రేపటికి తగ్గునమ్మా. ఆ మందు లేకున్న మనిషియే లేడు" అనెను. ఆమె ప్రశ్నకు నాకప్పుడు సరియైన జవాబు రాలేదు. తరువాత చదివి, అడిగి తెలిసికొన్న దానిని మీతో పంచుకొనుటకే యీ వ్యాసము.

మన శరీరమున రెండు విధములైన పనులు జరుగుచున్నవి. బిందె యెత్తుట, ముగ్గు పెట్టుట మన యిచ్ఛచే జరుగునవి. గుండె కొట్టుకొనుట, అన్నము జీర్ణమగుట, నోట లాలాజలమూరుట, వెలుతురునుబట్టి కనుపాప పెద్దదియు చిన్నదియు నగుట మన యాజ్ఞ నపేక్షింపవు. మనము నిద్రించుచున్నను ఇల్లు నడుపు పెద్దముత్తైదువ వలె ఈ పనులను నడుపునది యొక నాడీమండలము. దానికి స్వయంచోదిత నాడీమండల మని పేరు. కేంబ్రిడ్జిలోని లాంగ్లీ యను శాస్త్రజ్ఞుడు 1898లో ఇంగ్లీషున దానికి పేరు పెట్టెను.

ఈ మండలమునకు రెండు శాఖలు. మొదటిది సహానుభూత నాడులు. ఆపద వచ్చినప్పుడు ఇవి మేల్కొని గుండెను వడిగా కొట్టించి, ఊపిరిగొట్టములను వెడల్పుచేసి, కనుపాపలను విప్పి, మనలను పోరుటకో పరుగెత్తుటకో సిద్ధపఱచును. రెండవది పరసహానుభూత నాడులు. భోజనానంతరము విశ్రాంతి వేళ ఇవి గుండె వేగమును తగ్గించి, లాలాజలమును జఠరరసమును ఊరించి, ప్రేగులను కదిలించును. ఒకే కాడికి కట్టిన రెండెడ్ల వలె ఈ రెండును సరిగా నడచినంత వఱకు బండి బాటమీద నుండును.

నాడి యవయవమునకు ఆజ్ఞ నెట్లు చేరవేయును? తీగెమీద విద్యుత్తు పాఱినట్లు పాఱునని చాలకాలము తలచిరి. 1921లో ఆస్ట్రియా దేశమున ఒట్టో లోవీ యను వైద్యశాస్త్రజ్ఞుడు రెండు కప్పల గుండెలను తీసికొని, మొదటిదానికి సంబంధించిన వేగస్ నాడిని ప్రేరేపించి దాని వేగమును తగ్గించెను. పిమ్మట ఆ గుండెను తడిపిన ద్రవమును రెండవ గుండెకు పోయగా అదియు నెమ్మదించెను! నాడి కొసనుండి ఏదో రసము ఊరి యాజ్ఞను మోయుచున్నదని దీనివలన రుజువైనది. ఆ ప్రయోగము తనకు కలలో తోచెనని లోవీయే చెప్పెను. ఆ రసమే ఎసిటైల్‌కోలిన్. ఇంగ్లండునకు చెందిన హెన్రీ డేల్‌తో కూడ ఆయనకు 1936లో నోబెల్ బహుమాన మీయబడెను.

ఇక మన కొల్లేటిని తలచుకొనుడు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న యా మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి నీటిని తెచ్చును. ఆ నీటిని సముద్రమునకు తీసికొనిపోవు దారి ఉప్పుటేరు. వచ్చునంత వచ్చి, పోవునంత పోవుచున్నంత కాలము కొల్లేరు చల్లగా నుండును. పక్షులు, చేపలు, లంకగ్రామములు క్షేమముగా నుండును. ఉప్పుటేరు పూడిపోయి నీరు పోలేకున్నచో లంకలలో ఇండ్లు మునుగును. కొత్తగా వాన కురియ నక్కఱలేదు. పోవలసినది పోకుండుటయే చాలును.

మన నాడుల కొసల వద్దను ఇట్టి ఉప్పుటేరొకటి కలదు. ఎసిటైల్‌కోలిన్ తన పని ముగించుకొనగానే దానిని విఱిచి తీసివేయు ఎంజైము అది. దానికి కోలినెస్టరేజ్ అని పేరు. దాని యణువొక్కటియే సెకనునకు వేలకొలది ఎసిటైల్‌కోలిన్ అణువులను విఱువగలదు. అందువలననే ఒక యాజ్ఞకును మఱియొక యాజ్ఞకును నడుమ ఎడముండుచున్నది.

ఆర్గనోఫాస్ఫరస్ జాతి పురుగుమందులు సరిగా ఈ యేటినే పూడ్చివేయును. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ట్రయజోఫాస్ మున్నగునవి యీ జాతివే. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అను రసాయనజ్ఞుడు పురుగులను చంపు మందుకై వెదకుచు 1936లో ఈ జాతికి చెందిన టాబున్ అను ఘోరవిషమును కనిపెట్టెను. అది పొలమునకు గాక యుద్ధపు విషవాయువుగా మారెను. పురుగు నాడులును మన నాడులును ఒకే రసముతో పనిచేయుట వలననే పురుగును చంపునది మనిషినియు చంపగలుగుచున్నది.

ఏరు పూడగానే రసము ముంచెత్తును. కన్నీరు, చొంగ, చెమట ధారలు కట్టును. ప్రేగులు మెలిపడి వాంతులు విరేచనము లగును. కనుపాప గుండుసూది మొన యంత యగును. గుండె నెమ్మదించును. ఊపిరితిత్తులలో నీరూరి, మనిషి ఒడ్డున నుండియే మునిగిపోవుచున్నట్లగును. కండలు అదరి, పిదప సత్తువ లేక పడిపోవును. మెదడునకు తగిలిన మూర్ఛలు వచ్చును. ఊపిరి యాడకపోవుటయే మరణమునకు ముఖ్యకారణము.

ఇప్పుడు ఉమ్మెత్త కథ. శివపూజకు మనము కోయు ఉమ్మెత్తపూవు చెట్టులో వేరునుండి గింజ దాక ఆట్రోపిన్, హయోసైమిన్, స్కోపోలమిన్ అను క్షారద్రవ్యములు గలవు. ఐరోపాలో బెల్లడోన్నా యను మొక్కలోను ఆట్రోపిన్ కలదు. బెల్లడోన్నా యనగా ఇటలీ భాషలో అందగత్తె. కనుపాపలు పెద్దవై కన్నులు అందముగా కనబడుటకై అచ్చటి స్త్రీలు దాని రసమును కంటిలో వేసికొనెడివారట! అందముకొఱకు చూపును మసక చేసికొను వెఱ్ఱి ఒక్క దేశపు సొత్తు కాదు.

ఆట్రోపిన్ చేయు పని యిది. ఎసిటైల్‌కోలిన్ వచ్చి తట్టెడి తలుపుల ముందు ఇది నిలిచి, ఆ రసమును లోనికి పోనీయదు. వఱద తగ్గలేదు, ఏటిపూడిక తొలగలేదు, కాని గుమ్మములకు గట్లు వేయబడినవి. కన్నీరు, చొంగ, ఊపిరితిత్తుల నీరు ఎండును; గుండె మరల వేగమందుకొనును. అందుకే వైద్యులు ఐదేసి నిమిషములకు మోతాదును రెట్టింపు చేయుచు, రొమ్ములో గురగుర పోవు వఱకు దానిని ఎక్కింతురు. మోతాదు మించిన చిహ్నములే ఆ కూలివాని పలవరింతయు, లేని దారములు ఏరుటయు. ఆ కొసయంచు మీదనే వైద్యుడు రోగిని నడిపించుచుండును. అయితే కండల సత్తువ ఆట్రోపిన్ వలన తిరిగి రాదు. కావున కొందఱికి యంత్రముతో ఊపిరి పోయవలసివచ్చును. ఏటిపూడికను త్రవ్వుటకు ప్రాలిడాక్సిమ్ అను వేఱొక మందు కలదు గాని, పూడిక గట్టిపడక ముందే దాని నీయవలెను. దాని ఫలమును గూర్చి వైద్యులలో భిన్నాభిప్రాయములు గలవు. ఆట్రోపిన్ విషయమున లేవు.

ఇది విని యింట ఉమ్మెత్తాకు నూఱి పోయ బోకుడు! ఒక చెట్టుకును మఱియొక చెట్టుకును, ఒక కాయకును మఱియొక కాయకును సత్తువలో ఎంతో భేద ముండును. కొలత తెలియని ఉమ్మెత్త విషమే గాని విరుగుడు కాదు.

ఉమ్మెత్తను యుక్తితో వాడుట మన దేశమునకు క్రొత్త కాదు. ఉబ్బసమునకు దాని పొగ పీల్చుట ఇచ్చట వాడుకలో నుండెను. మద్రాసులో ముఖ్యవైద్యుడుగా నుండిన జేమ్స్ ఆండర్సన్ వలన ఈ చికిత్స నెఱిగిన జనరల్ జెంట్ అను సైనికాధికారి 1802లో దానిని బ్రిటనుకు తీసికొనిపోయెను. నేడు ఉబ్బసరోగులు, పొగచే ఊపిరితిత్తులు చెడినవారు పీల్చుకొను ఇప్రట్రోపియమ్ ఆట్రోపిన్ నుండి రూపొందినదే.

ఏరు పూడ్చుట యన్నివేళలను చేటు కాదు. ఆఫ్రికాలోని కాలబార్ గింజనుండి వచ్చు ఫైసోస్టిగ్మిన్ కూడ కోలినెస్టరేజ్‌ను అడ్డగించును గాని కొద్దిసేపే. కండలు సత్తువ కోల్పోయి ఱెప్పలు వ్రాలిపోవు మయస్తీనియా యను రోగమున దీనివలన మేలు కలుగునని 1934లో లండను ఆసుపత్రిలో మేరీ వాకర్ అను స్త్రీవైద్యురాలు చూపినది. పూడ్చిన దారి తిరిగి తెఱచుకొనునదైన మందు, తెఱచుకొననిదైన విషము. భేదమంతయు అంతే.

మన తాంబూలమునందును ఈ కథయే కలదు. వక్కలోని అరెకోలిన్ అను ద్రవ్యము ఎసిటైల్‌కోలిన్ తట్టెడి తలుపులనే తట్టును. వక్క నమలగానే నోరూరుటకును, అలవాటు లేనివారికి చెమట పట్టి తల తిరుగుటకును కారణమిదియే. పొగాకు లేకున్నను వక్కతో గూడిన తాంబూలము నోటి పుట్టకురుపునకు దారితీయునని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన పరిశోధనాసంస్థ 2004లో ప్రకటించినది. పేరంటమున పుచ్చుకొను తాంబూలమును కాదనను. దినదినము బుగ్గన పెట్టుకొను వక్కనే కాదందును.

ఇక మన ఏలూరి సంగతి. 2020 డిసెంబరు మొదటి వారమున ఏలూరులోని ఒకటవ పట్టణ ప్రాంతమున ఉన్నట్లుండి జనులు మూర్ఛలతో పడిపోజొచ్చిరి. పిల్లలు, పెద్దలు, ఆడువారు, మగవా రను భేదము లేదు. కొన్ని నిమిషముల మూర్ఛ, మఱపు, వాంతి, తలనొప్పి. కొలది దినములలో 600కు పైగా జనులు ఆసుపత్రి పాలైరి, ఒకరు మరణించిరి, తక్కిన వారిలో ఎక్కువమంది త్వరలోనే కోలుకొనిరి. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు రోగుల రక్తమున సీసమును, నికెలును కనుగొనిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారును పరీక్షలు చేసిరి. పురుగుమందుల అవశేషములే ముఖ్యకారణమని నిపుణులు అభిప్రాయపడిరని డిసెంబరు నడిమికి ప్రభుత్వము వెల్లడించెను. నేను పైన వ్రాసిన వఱద లక్షణములకంటె మూర్ఛలే అచ్చట ముందు నిలిచినవి గనుక, ఏ విషము, ఏ దారిని అని విజ్ఞులలో వాదము సాగినది. వాదమెట్లున్నను మనము నేర్వవలసిన పాఠ మొక్కటే. మన చేల మందు చేలలోనే ఆగదు. అది కూరగాయలతో వంటింటికిని, మురుగుకాలువలతో కొల్లేటికిని చేరును. 1999లో పక్షుల రక్షణకై అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ పట్టికకెక్కిన యా సరస్సు మన యిండ్ల మురుగునకు తొట్టి కారాదు.

ఇంకొక సంగతి తలచినపుడెల్ల నా గుండె బరువెక్కును. 2013 జులై 16న బీహారు రాష్ట్రపు సారణ్ జిల్లాలో ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసి 23 మంది చిన్నారులు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసియుండెనని పరీక్షలలో తేలినది. పురుగుమందుండిన డబ్బాలో నూనె పోసిన ఫలము! ఉపాధ్యాయుడు రుచి చూచిన పిమ్మటనే పిల్లలకు వడ్డింపవలెనను నియమము నేడున్నది. మా యింటివారు బడిలో ముద్ద నోట పెట్టుకొను ప్రతిదినమును నాకా పిల్లలే జ్ఞప్తికి వత్తురు.

కావున సోదరీమణులారా, ఇల్లాండ్రముగా మన చేతిలో నున్న పనులు కొన్ని గలవు.

పురుగుమందు ఖాళీ డబ్బాను ఎంత కడిగినను నూనెకు, ఉప్పునకు, స్నానపు చెంబునకు వాడరాదు. దానికి చిల్లు పొడిచి పనికిరాకుండ జేయవలెను. మందును చల్లని పానీయముల సీసాలలో పోసి యుంచుట పిల్లల ప్రాణములతో చెలగాటమే. సీసా మీది త్రికోణపు రంగును ఆడపిల్లలకు నేర్పుడు: ఎఱుపు అత్యంతవిషము, పసుపు తరువాతిది, నీలము మధ్యమము, పచ్చన తక్కువది. చదువు రాకున్నను రంగు తెలియును.

మందు కొట్టి వచ్చిన వారి బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతుకరాదు. చేతులకు తొడుగు వేసికొని వేఱుగా ఉతుకవలెను. ఈ విషము చర్మము గుండ కూడ దిగునని మఱవకుడు. కూరగాయలను పాఱుచున్న నీట బాగుగా కడిగిన పైనున్న మందు కొంత పోవును.

ఎవరికైనను మందు తగిలినచో గాలి యాడు చోటికి చేర్చి, తడిసిన బట్టలు విప్పి, సబ్బునీట ఒడలు కడుగుడు. కడుగువారి చేతులను కాపాడుకొనుడు. వాంతి చేయింప బోకుడు. మజ్జిగ, నూనె, చింతపండు నీరు త్రాగింపకుడు. స్మృతి లేనివారిని ఎడమ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. 108కి కబురు చేసి, మందుసీసాను తప్పక వెంట తీసికొనిపోవుడు. ఆ పల్లెపడుచు కొంగున ముడివేసిన సీసాయే ఆమె పసుపుకుంకుమలు నిలిపినది.

కడపటి మాటను సంకోచించియైనను చెప్పక తప్పదు. పొలమున పొరపాటున తగిలిన వారికంటె, ఇంటిలో కోపముననో దుఃఖముననో త్రాగిన వారి కథలే మన పల్లెలలో ఎక్కువ వినుచున్నాము. ఆ యుద్రేకము గడియలో దిగిపోవును. సీసా అందుబాటున నున్నచో ఆ గడియ దాటదు. శ్రీలంకలో మిక్కిలి ప్రమాదకరములైన మందులను 1990వ దశకము నుండి వరుసగా నిషేధింపగా, ఆత్మహత్యలు ఇరువదేండ్లలో సుమారు మూడింట రెండువంతులకు పైగా తగ్గినవి. మనుజుల కష్టములు తీరిపోయి కాదు. చేతికి విషము అందకపోవుట వలననే. కావున మందును ఇంటిలో నుంచక, తాళము వేసిన వేఱు చోట నుంచుడు. మనసు చీకటి పడినవారు ఏ వేళనైనను 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

క్షీరసాగరమును మథించినపుడు హాలాహలము ముందు పుట్టినది, అమృతము పిదప పుట్టినది. రెండును ఒక కడలివే. విషమును గొంతుననే నిలిపిన శివుని పూజకు మనము ఉమ్మెత్తపూవు కోయుదుము. ఇకమీద ఆ పూవు కోయునపుడు చేతులు కడుగుకొనుటయు, గట్టు మీది మందుడబ్బాకు తాళము పడినదా యని చూచుకొనుటయు మఱవకుందము. ఆ కూలివాడు ఇప్పుడు మరల పనికి పోవుచున్నాడు. కాఱు డబ్బాను మాత్రము వీపున కెత్తుకొనడు. అతని భార్య ఎత్తుకొననీయదు.